మిర్చి బస్తా బెనాపోల్‌లో ఎందుకు దిగాలి?

2020 జులైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెం స్టేషన్ నుంచి ఒక పార్సిల్ రైలు బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కి బయలుదేరింది. 16 పార్సిల్ వ్యాన్లు, 384 టన్నుల ఎండుమిర్చి. మన పార్సిల్ రైలు ఒకటి సరిహద్దు దాటి వెళ్లడం అదే మొదటిసారి. అంతకుముందు గుంటూరు మిర్చి బంగ్లాదేశ్‌కి రోడ్డు మీదే పోయేది. లాక్‌డౌన్‌లో ఆ దారి మూసుకుపోయింది. గూడ్సు రైలు పెట్టుకుందామంటే ఒక్క విడతకి 1,500 టన్నులకు పైగా సరుకు పోగెయ్యాలి, అది చిన్న వ్యాపారుల వల్ల అయ్యే పని కాదు. అందుకని 500 టన్నుల లోపు సరుకు పంపుకొనేలా పార్సిల్ రైలు ఏర్పాటు చేశారు. రోడ్డున టన్నుకి 7,000 రూపాయలు పడే రవాణా ఖర్చు రైల్లో 4,608 రూపాయలకు దిగింది.

లారీ కంటే రైలు చవకన్నది తెలిసిన సంగతే. కానీ ఈ దారిలో రైలుకి ఇంకో సుగుణం ఉంది. గుంటూరులో ఎక్కిన బస్తా అదే బోగీలో సరిహద్దు దాటుతుంది. లారీలో వెళ్లే బస్తాకి ఆ అదృష్టం లేదు.

లారీ సంగతి చూద్దాం. గుంటూరు నుంచి బయలుదేరి, ఇచ్ఛాపురం దాటి, ఒడిశా అంతా నడిచి, కోల్‌కతా పక్కనుంచి బనగావ్ మీదుగా పెట్రాపోల్ చేరుతుంది. అక్కడ పార్కింగ్‌లో వంతు కోసం ఆగుతుంది. వంతు వచ్చాక గేటు దాటుతుంది కానీ, వెళ్లగలిగేది అవతలి బెనాపోల్ యార్డు వరకే. డ్రైవరు చేతిలో ఉన్న పాసు అక్కడితో సరి. యార్డులో తాళ్లు విప్పి టార్పాలిన్ లాగుతారు. ముఖానికి గుడ్డ కట్టుకున్న హమాలీలు బస్తాలు ఒక్కొక్కటే దించి, వెనక్కి ఆనించి పెట్టిన బంగ్లాదేశ్ లారీలోకి ఎక్కిస్తారు, లేదా గోదాములో నిట్టు వేస్తారు. మిర్చి ఎలాంటి సరుకో మనకు చెప్పక్కర్లేదు. కదిపిన ప్రతిసారీ గింజ రాలుతుంది, తొడిమ ఊడుతుంది, కాయ విరుగుతుంది. ఆ ఘాటుకి దగ్గుతూనే మోస్తారు. దించడం అయ్యాక మన లారీ ఎక్కువగా ఖాళీగానే వెనక్కి తిరుగుతుంది. సరుకు ఢాకా వెళ్లాలి, లారీ గుంటూరు రావాలి. రెండు దేశాల రోడ్లూ అక్కడ కలిసే ఉన్నాయి, బండే కలపడం లేదు.

2021 మార్చిలో ప్రపంచ బ్యాంకు ఈ దారి మీద ఒక నివేదిక వేసింది. పెట్రాపోల్–బెనాపోల్ దగ్గర సరుకు సరిహద్దు దాటడానికి 138 గంటలు పడుతోందని, అందులో 28 గంటలు ఒక లారీ నుంచి ఇంకో లారీకి మార్చడానికే పోతున్నాయని అందులో లెక్కగట్టారు. దాదాపు ఇంతే రద్దీ ఉన్న తూర్పు ఆఫ్రికా సరిహద్దుల్లో సరిహద్దు దాటే పనంతా ఆరు గంటల్లోపు అయిపోతోంది. ఒక భారతీయ కంపెనీకి పక్కనున్న బంగ్లాదేశ్‌తో వ్యాపారం కంటే బ్రెజిల్‌తోనో జర్మనీతోనో చేసే వ్యాపారం 15 నుంచి 20 శాతం చవకగా పడుతోందని కూడా ఆ నివేదికే చెప్పింది. ఇరుగుపొరుగు కంటే ఏడు సముద్రాల అవతలివాడు దగ్గరయ్యాడన్నమాట. భారత్–బంగ్లాదేశ్ భూమార్గ వ్యాపారంలో సుమారు 70 శాతం ఈ ఒక్క గేటు గుండానే నడుస్తుంది కాబట్టి, ఇది ఏ మారుమూల చెక్‌పోస్టు కథో అనుకోవడానికి వీల్లేదు.

సుంకాలు తగ్గిస్తే ఇది సర్దుకుంటుందని చాలామంది అనుకుంటారు. సర్దుకోదు. సుంకం సరుకు మీద పడేది. ఇక్కడ చిక్కు సరుకుది కాదు, మోసేవాడిది. రవాణా కూడా అమ్ముడుపోయే వస్తువే, కిరాయి అన్నది దాని ధర. బట్టలు, బియ్యం, మిర్చి రావచ్చని ఒప్పుకున్న దేశం, వాటిని మోసుకొచ్చిన పరాయి లారీ తన రోడ్ల మీద కిరాయి సంపాదించుకోవడానికి ఒప్పుకొన్నట్టు కాదు. వాణిజ్య ఒప్పందాల్లో సరుకుల అధ్యాయం వేరు, సేవల అధ్యాయం వేరు. మొదటి దానిలో తలుపు తెరిచి రెండో దానిలో గడియ పెట్టే దేశాలే ఎక్కువ. రవాణా సేవల సరళీకరణ అని పెద్ద మాటగా అనేది ఈ గడియ తియ్యడాన్నే.

ఇది మనకు తెలియని బాధేం కాదు. 2010కి ముందు నేషనల్ పర్మిట్ కావాలంటే ఏయే రాష్ట్రాల్లో తిరుగుతావో చెప్పి, ఆయా రాష్ట్రాలకు విడివిడిగా డబ్బు కట్టాలి. ఆ ఏడాది నుంచి సొంత రాష్ట్రంలో ఒకే రుసుం కడితే దేశమంతా తిరగొచ్చన్నారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. అంతకుముందు ఇచ్ఛాపురం దగ్గర లారీల బారులు చూసినవాళ్లకు ఆ తేడా బాగా తెలుసు. దీనికి ఎదురు నడిచిన అనుభవమూ మనకుంది. 2014లో రాష్ట్రం రెండైంది. 2015 ఏప్రిల్ 1న ఆంధ్ర వాహనాల మీద తెలంగాణ ప్రవేశపన్ను మొదలుపెట్టింది. రోడ్డు అదే, బండి అదే, డ్రైవరూ అదే. కాగితం మీద గీత పడిన మరుసటి ఏడే కిరాయి లెక్క మారిపోయింది. ఒకే భాష, ఒకే మోటారు వాహనాల చట్టం ఉన్న రెండు రాష్ట్రాల మధ్యే ఇంత జరిగితే, నాలుగు దేశాల మధ్య ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

పరాయి లారీకి దారి ఇవ్వడమంటే నాలుగు తాళాలు తియ్యాలి. మొదటిది పర్మిట్. ఇందులోనే మూడు మెట్లున్నాయి. మా ఊరి సరుకు మీ ఊరికి మా లారీలో తేవడం ఒకటి. మీ దేశం మీదుగా ఇంకో చోటికి పోవడం రెండోది. మీ దేశంలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మా లారీ కిరాయి తోలడం మూడోది. దీన్ని రవాణా రంగంలో కబోటాజ్ అంటారు. అందరూ భయపడేది ఈ మూడో మెట్టుకే. రెండో తాళం బండిది: ఇరుసు బరువు ఎంత, ఫిట్‌నెస్ ఎవరిది చెల్లుతుంది, గుద్దితే బీమా ఎవరిస్తారు. మన దేశం 2018లో లారీల ఇరుసు బరువు పరిమితి పెంచింది. ఇక్కడి లెక్కకు సరిపోయే లోడు పక్క దేశపు వంతెన మీద ఎక్కువ లోడు కావచ్చు. మూడోది డ్రైవరు: లైసెన్సు, వీసా, ఎన్నాళ్లు ఉండొచ్చు. నాలుగోది సరుకు: దారి మధ్యలో దించి అమ్ముకోడని నమ్మకం ఏమిటి? ఈ చివరి తాళానికి ప్రపంచంలో మందు ఎప్పుడో కనిపెట్టారు. బయలుదేరిన చోటే సీలు వేసి, సుంకానికి పూచీకత్తు ముందే పెట్టిస్తే దారిలో ఎవరూ విప్పి చూడక్కర్లేదు. 1975 నాటి టీఐఆర్ ఒడంబడిక సారం ఇదే. మన దేశం 2017లో అందులో చేరింది.

ఈ నాలుగింటినీ ఒకే ఒప్పందంలో తీద్దామని దక్షిణాసియా దేశాలు 2014లో ప్రయత్నించాయి. ఆ నవంబరులో ఖాట్మండులో జరిగిన సార్క్ శిఖరాగ్ర సభకి మోటారు వాహనాల ఒప్పందం ముసాయిదా సిద్ధంగా వెళ్లింది. తమ అంతర్గత ప్రక్రియ ఇంకా పూర్తికాలేదని పాకిస్తాన్ చెప్పడంతో సంతకాలు ఆగిపోయాయి. సరే, ఒప్పుకున్నవాళ్లమే ముందుకు పోదామని బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ రవాణా మంత్రులు 2015 జూన్ 15న థింపులో కూర్చొని సంతకాలు చేశారు. నాలుగు దేశాల పేర్ల మొదటి అక్షరాలతో దానికి బీబీఐఎన్ ఒప్పందం అని పేరొచ్చింది. కబోటాజ్‌ని అందులో పూర్తిగా నిషేధించారు. అంటే భయపెట్టే మూడో మెట్టు జోలికే పోలేదు. ఆ ఏడాదే కోల్‌కతా నుంచి ఢాకా మీదుగా అగర్తలాకి ప్రయోగాత్మకంగా ఒక లారీని కూడా నడిపారు. ఇక అయిపోయిందనే అనుకున్నారు.

కానీ 2016 నవంబరులో భూటాన్ ఎగువసభ ఒప్పందాన్ని తిరస్కరించింది. 2017లో భూటాన్ మిగతా ముగ్గురికీ మీరు కానివ్వండి, మా సంగతి తర్వాత చూద్దాం అని చెప్పింది. మిగిలిన మూడు దేశాలు ఆమోదించాయి కానీ, ఎన్ని లారీలు, ఏ దారిన, ఎంత రుసుం అనే విషయాలు తేల్చే ప్రొటోకాల్ ఏళ్ల తరబడి సాగింది. 2022 మార్చిలో ఢిల్లీలో కూర్చొని భూటాన్ లేకుండా సాగడానికి ఒక అవగాహన పత్రం ముసాయిదా ఖరారు చేశారు. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలింది. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ సరుకు మన రేవులు, విమానాశ్రయాల మీదుగా మూడో దేశాలకు పోయే వెసులుబాటును మన ప్రభుత్వం ఎత్తేసింది, నేపాల్, భూటాన్‌లకు పోయే సరుకును మాత్రం మినహాయించింది. అదే నెలలో బంగ్లాదేశ్ మన నూలు భూమార్గాన రాకుండా ఆపింది. మే నెలలో మనం వాళ్ల రెడీమేడ్ దుస్తులు న్హావా శేవా, కోల్‌కతా ఓడరేవుల ద్వారానే రావాలన్నాం. పదేళ్ల కింద ఒకే లారీ నాలుగు దేశాలు తిరగాలని మొదలైన మాట, ఉన్న గేట్లలో ఏది ఎవరికి మూయాలన్న దగ్గరికి వచ్చింది.

ఇందులో భూటాన్‌ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఎనిమిది లక్షలమంది కూడా లేని దేశం. కొండ అంచున ఇరుకు రోడ్లు, లోయలో చిన్న పట్నాలు. పక్కన మన లారీల సంఖ్య చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. పర్యావరణం, రద్దీ, తమ లారీవాళ్ల బతుకు: వాళ్ల సభ్యులు లేవనెత్తిన ఆందోళనలివి. బంగ్లాదేశ్ లారీ యజమానుల భయమూ అలాంటిదే. రెండు దేశాల మధ్య వ్యాపారంలో మన ఎగుమతులే చాలా ఎక్కువ. లోడు ఉన్నవాడిదే లారీ అయితే, అవతలివాడికి కిరాయి మిగలదు. బెనాపోల్ యార్డులో మిర్చి బస్తా మోసే మనిషికైతే ఆ 28 గంటలే కూలి. సరిహద్దులో వృథా అని మనం లెక్కగట్టే ప్రతి గంటా ఎవరో ఒకరి ఇంట్లో అన్నం అయివుంది. పార్కింగ్ స్థలం యజమాని, క్లియరింగ్ ఏజెంటు, అతని గుమస్తా, టీ కొట్టు, టైరు పంక్చర్లవాడు, అందరూ ఆ ఆలస్యం చుట్టూ అల్లుకున్నవాళ్లే. ఈ సంగతి మాట్లాడకుండా ఒప్పందాల మీద సంతకాలు చెయ్యడం వల్లే అవి కాగితం మీద ఉండిపోతున్నాయని నా నమ్మకం.

మిగతా ప్రపంచం ఏం చేసిందో చూస్తే ఇది అర్థమవుతుంది. యూరప్ అంటే మొదటినుంచీ గేట్లు లేని చోటని మన ఊహ. 1984 ఫిబ్రవరిలో ఆల్ప్స్ కనుమల దగ్గర, కస్టమ్స్ సిబ్బంది సమ్మెతో నిలిచిపోయిన లారీవాళ్లు విసిగి రోడ్లు దిగ్బంధించారు. అక్కడా దేశానికిన్ని పర్మిట్లని కోటాలుండేవి. ఉమ్మడి మార్కెట్ ఒప్పందంలో రవాణాకి ఉమ్మడి విధానం తెస్తామని 1957లోనే రాసుకొని, దశాబ్దాలపాటు దాని జోలికి పోలేదు. చివరికి యూరోపియన్ పార్లమెంటే మంత్రుల మండలి మీద కోర్టుకెక్కింది. మీరు చెయ్యాల్సిన పని చెయ్యలేదని 1985 మేలో న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తర్వాత కదిలారు. 1993 జనవరి 1న సభ్యదేశాల మధ్య లారీ కోటాలు పోయాయి. కబోటాజ్‌ని మాత్రం అప్పుడు కూడా ఒక్కసారిగా వదల్లేదు. ఏటేటా పర్మిట్లు పెంచుకుంటూ పోయి 1998 జులై 1న తెరిచారు. ఆ తెరవడంలోనూ పగ్గం ఉంది: సరుకు దించిన లారీ ఆ దేశంలో ఏడు రోజుల్లో మూడు కిరాయిలే తోలాలి. 2020లో చేసిన మార్పుతో, ఆ తర్వాత నాలుగు రోజులు అదే లారీ అక్కడ మళ్లీ కిరాయి కొట్టకూడదన్నారు. తూర్పు యూరప్ డ్రైవర్ల చవక జీతాల ముందు నిలవలేమని పశ్చిమ యూరప్ లారీవాళ్లు చేసిన గొడవకి అది జవాబు.

మెకాంగ్ నది ఒడ్డు దేశాలది ఇంకో దారి. 1999లో లావోస్, థాయ్‌లాండ్, వియత్నాం మొదలుపెట్టిన ఒప్పందంలో తర్వాత కంబోడియా, చైనా, మయన్మార్ చేరాయి. దానికి 20 అనుబంధాలు, ప్రొటోకాళ్లు రాసుకున్నారు. థాయ్‌లాండ్‌లో బళ్లు ఎడమ పక్క నడుస్తాయి, లావోస్‌లో కుడి పక్క, ఆ చిక్కూ ఉంది. అన్నీ రాసుకొని అమలు చెయ్యబోయేసరికి 2018 వచ్చింది. అప్పుడు కూడా మొత్తం ఒప్పందాన్ని కాకుండా, తొలివిడతగా దేశానికి 500 పర్మిట్ల వరకు అని మొదలుపెట్టారు. మన నాలుగు దేశాలూ ఎడమ పక్కే నడుపుతాయి. ఆ తలనొప్పి అయినా మనకు తప్పింది.

తూర్పు ఆఫ్రికావాళ్లు పర్మిట్ కంటే ముందు కాగితాల మీద పడ్డారు. కెన్యాలోని మొంబాసా రేవులో దిగిన సరుకు ఉగాండా రాజధాని కంపాలా చేరడానికి ఒకప్పుడు 18 రోజులు పట్టేది. 2014లో ఉమ్మడి కస్టమ్స్ ఏర్పాటు వచ్చి, ఉగాండా సుంకం మొంబాసాలోనే కట్టించుకోవడం మొదలయ్యాక అది నాలుగు రోజులకు దిగింది. సరిహద్దుకి అటూ ఇటూ రెండు ఆఫీసుల్లో రెండుసార్లు ఆగే బదులు, రెండు దేశాల అధికారులు ఒకే కప్పు కింద కూర్చొని ఒకేసారి చూసి పంపిస్తున్నారు. బీమాకైతే 1980ల నుంచే పసుపు కార్డు ఒకటి ఉంది. సొంత దేశంలో ఒక్కసారి తీసుకుంటే దాన్ని ఒప్పుకున్న పక్క దేశాల్లోనూ చెల్లుతుంది. ఇవేవీ వార్తాపత్రికల మొదటి పేజీకి ఎక్కే పనులు కావు. లారీ ఆగకుండా పోవడానికి పనికొచ్చేవి ఇవే.

ఇలాంటి పని ఒకటి మన విశాఖపట్నంలోనే జరిగింది. నేపాల్‌కి సముద్రం లేదు. ఆ దేశానికి పోయే విదేశీ సరుకంతా ఏళ్లపాటు కోల్‌కతా రేవులోనే దిగేది. హుగ్లీ నదిలో లోతు తక్కువ, పెద్ద ఓడలు రాలేవు. కొలంబోలోనో సింగపూర్‌లోనో చిన్న ఓడకి మార్చుకొని రావాలి. 2016లో భారత్, నేపాల్ విశాఖని కూడా ఆ జాబితాలో చేర్చాయి. నేపాల్ సరిహద్దులోని బీర్‌గంజ్ కోల్‌కతాకి 700 కిలోమీటర్ల పైచిలుకు, విశాఖకి దాదాపు 1,400 కిలోమీటర్లు. దూరం రెట్టింపైనా, లోతైన రేవు కాబట్టి పెద్ద ఓడ నేరుగా వస్తుంది. కంటైనర్‌కి ఎలక్ట్రానిక్ సీలు పడుతుంది, రైలెక్కుతుంది. దారిలో ఎవరైనా సీలు కదిపితే కస్టమ్స్‌కి తెలిసిపోతుంది. ఇక మధ్యలో ఆపి విప్పే పని లేదు, బీర్‌గంజ్ కంటైనర్ డిపోలోనే తలుపు తెరుస్తారు. నేను మొదట చెప్పిన నాలుగో తాళం తీసిన తీరు ఇది. ఒక దేశం ఇంకో దేశాన్ని నమ్మాల్సి వచ్చినప్పుడు, ఆ నమ్మకంలో కొంత భాగాన్ని ఒక చిన్న పరికరం మోసింది.

లారీ మారకుండా పోతే ఎవరికి లాభమో తెలియాలంటే త్రిపుర వైపు చూడాలి. మన కొల్లేరు చుట్టుపక్కల చేపల లారీలు ఐసు నింపుకొని ఈశాన్య రాష్ట్రాల దాకా పోతాయి. అగర్తలా రాజధానిగా ఉన్న త్రిపురకి మూడు పక్కలా బంగ్లాదేశే. కానీ కోల్‌కతా దాటిన లారీ ఉత్తరాన సిలిగురి దాకా ఎక్కి, ఆ సన్నటి మెడ గుండా అస్సాంలోకి దూరి, మళ్లీ దక్షిణానికి దిగాలి. కోల్‌కతా నుంచి 1,600 కిలోమీటర్లు. అగర్తలా నుంచి బంగ్లాదేశ్ చట్టోగ్రామ్ రేవు 200 కిలోమీటర్లే. 2020 జులైలో ఇనుప కడ్డీలు, పప్పులు నింపిన కంటైనర్లు కోల్‌కతా నుంచి ఓడలో చట్టోగ్రామ్ వెళ్లి, అక్కడినుంచి రోడ్డున అగర్తలా చేరాయి. దారి పనిచేస్తుందని రుజువైంది. దానివల్ల బంగ్లాదేశ్‌కీ రేవు రుసుం, రోడ్డు రుసుం, లారీ కిరాయి వస్తాయి. బంగ్లాదేశ్ భాగంలో సరుకు మోసింది వాళ్ల దేశపు బళ్లే కాబట్టి అక్కడి లారీవాళ్లు దానికి అడ్డుపడాల్సిన పనీ లేదు.

అందుకే మళ్లీ మాటలు మొదలైన రోజున నాలుగు దేశాల మహా ఒప్పందంతో మొదలుపెట్టొద్దని నా మనవి. పెట్రాపోల్ నుంచి ఢాకా దాకా ఒక్క దారి చాలు. సీలు వేసిన కంటైనర్లకి మాత్రమే, రెండు దేశాలకీ సమానంగా కొన్ని వందల పర్మిట్లు. వచ్చిన లారీకి తిరుగు లోడు సొంత దేశానికైతే ఒప్పుకోవాలి, లేకపోతే ఖాళీ ప్రయాణం ఖర్చంతా సరుకు మీదే పడుతుంది. బరువు పరిమితి ఇద్దరిలో తక్కువ ఉన్నవాళ్లది పాటించాలి.

దీనితోపాటే యార్డు మనుషుల లెక్క కూడా ముందే తియ్యాలి. 1993లో సభ్యదేశాల మధ్య కస్టమ్స్ తనిఖీలు పోతున్నాయంటే, సరిహద్దుల్లో ఆ కాగితాల పని మీద బతికే ఏజెంట్ల ఉపాధి పోతుందని యూరప్‌కి ముందే తెలుసు. అందుకే 1992 చివర్లోనే వాళ్లు వేరే పనుల్లోకి మారడానికి నిధులతో ఒక ప్రత్యేక నిబంధన చేసింది. గేటు తీసింది ఆ తర్వాతే. మనవైపు పెట్రాపోల్‌లోనూ, అటు బెనాపోల్‌లోనూ ఎంతమంది హమాలీలున్నారు, వాళ్లలో ఎందరు కంటైనర్ డిపోలోనో గోదాములోనో పనికి మారగలరు, మారలేనివాళ్లకి ఏమివ్వాలి అన్నది పర్మిట్ల సంఖ్య కంటే ముందు రాసుకోవాల్సిన అనుబంధం.